గొడుగు ఊచ, గేదె సూది, ఒంగోలు

గుంటూరులో మంచి గొడుగు దొరకడం మానేసింది. ఏ కొట్టుకెళ్లినా మూడు మడతలు పెట్టి సంచిలో పడేసుకునేవే చూపిస్తున్నారు. వాటి ఊచలు వంచితే వంగుతాయి, వదిలేస్తే వంగే ఉంటాయి. వెనకటి నల్ల గొడుగు, కర్ర పిడి, ఉక్కు ఊచలు, తెరిస్తే వాననీ మూస్తే కుక్కల్నీ ఆపేది, అది కావాలంటే "ఎవరికండీ, తాతగారికా?" అని అడుగుతున్నారు. నాకు ముప్పై నాలుగేళ్లు. నాకే, మోటారుసైకిల్ కోసం, అని మొన్న ఒక కొట్లో నిజం చెప్పాను. కొట్టాయన నన్నూ, బయట ఉన్న బండినీ ఒకసారి చూసి లోపలికెళ్లాడు. మళ్లీ రాలేదు.

అందుకని ఒంగోలు వెళ్లొచ్చిన సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

నేను ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. సరుకు ఎటునుంచి ఎటు పోతుందో నాకు తెలుసు. బండిలో కరెంటు ఎటు పోతుందో తెలియదు. నా మిత్రుడు ప్రభుదాసు మా వీధిలోని చిన్న కాన్వెంటులో ఆరేళ్లుగా పాఠాలు చెబుతున్నాడు. భార్య మార్త ఇంకొల్లులో నర్సు. పెళ్లయి నాలుగేళ్లయినా వాళ్ల కాపురం ఆదివారాల కాపురమే. ఈ ఏడు ప్రభుదాసుకు ప్రభుత్వ టీచరు ఉద్యోగం వచ్చింది. ఏ ఊళ్లో అన్నది మాత్రం మంగళవారం పొద్దున పది గంటలకు ఒంగోలులో తేలుతుంది. పేర్లు వరసగా పిలుస్తారు. పిలిచినవాడు మిగిలున్న బడుల్లో ఒకటి కోరుకోవాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే వరసలో చివరికి పోతాడు. చివరివాళ్లకు మిగిలేవి ఎర్రగొండపాలెం అవతల, పులులు కూడా బదిలీకి అర్జీ పెట్టుకునే చోట్లు. ఇంకొల్లు దగ్గర ఒక బడి ఖాళీ ఉందని మార్త కనుక్కుంది. అతనికి కావలసింది అదొక్కటే.

దారిలో పర్చూరు హైస్కూల్లో అతను చదివినట్టు ఒక కాగితం తీసుకోవాలి. బస్సెందుకు, బండుంది కదా అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.

ఆదివారం: ఇశ్రాయేలు గారిల్లు

మొదటి మజిలీ పెదనందిపాడుకు ఇవతల ఒక పల్లెలో, ప్రభుదాసు మేనమామ ఇశ్రాయేలు గారిల్లు. ఆయన రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశారు, చర్చిలో పెద్ద. వెళ్లేసరికి చేపల పులుసు, జొన్న రొట్టె, పక్కన పచ్చి ఉల్లిపాయ. మా ఇంట్లో చేపల పులుసు తింటే నీళ్లు తాగుతాం. అక్కడ నీళ్లు తాగితే పులుసు బాగాలేదని అర్థమట. ఆ ఆచారం నాకు రెండో ముద్ద తరవాత చెప్పారు.

భోజనాలయ్యాక ప్రార్థన. ఆయన కళ్లు మూసుకుని ప్రభుదాసు కోసం, ఇంకొల్లు బడి కోసం ప్రార్థించి, నా కోసం కూడా ఒక మాట అడిగి, చివర "రేపు వీళ్లను మోసే ఆ బండిని కూడా దీవించు తండ్రీ" అన్నారు. నేను గట్టిగా ఆమెన్ అన్నాను. బండి తరఫున ఎవరో ఒకరు అనాలి కదా.

పొద్దున లేచి చూస్తే బండి మెరుస్తోంది. ఇశ్రాయేలు గారు వీపుకు మందు పంపు తగిలించుకుని, ఒక చేత్తో పిడి కొడుతూ, ఇంకో చేత్తో గొట్టం పట్టుకుని, మిరప చేనుకు పురుగుమందు కొట్టినట్టే నా బండికి నీళ్లు కొడుతున్నారు. ఆకు అడుగున దాక్కున్న పురుగును పట్టే అలవాటు ఉన్నవాడు పైపైన కడగడు. ట్యాంకు కింద, సీటు కింద, తాళం బెజ్జంలో, ఎక్కడెక్కడ సందుందో అక్కడక్కడ గొట్టం పెట్టారు.

"ఎందుకండీ మీకు శ్రమ" అన్నాను.

"చుట్టం బండి దుమ్ముతో గడప దాటితే ఊళ్లో ఏమనుకుంటారు మాస్టారూ?" అన్నారాయన. "పంపు మూడుసార్లు కడిగాన్లెండి, మందు వాసన రాదు."

సోమవారం: మిరప కల్లం

ప్రార్థనలో లోపమేమీ లేదు. బండి మూడు కిలోమీటర్లు దివ్యంగా నడిచింది. తరవాత ఏ హెచ్చరికా లేకుండా, క్లాసులో నిద్రపోయే కుర్రాడిలా, మెల్లగా తలవాల్చి ఆగిపోయింది.

రోడ్డు పక్కన కల్లంలో ఎకరం మేర ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్లు కూర్చుని తాలు కాయలు ఏరుతున్నారు. మేం బండి నెట్టుకుంటూ అటు వెళ్లేసరికి ఒక పెద్దావిడ తల ఎత్తింది.

"ఏం నాయనా, బండికి నడక నేర్పిస్తన్నారా?"

ట్యాంకు విప్పాం. విప్పడం వరకు నా దగ్గర సామాను ఉంది. లోపల బొటనవేలంత తెల్ల ప్లాస్టిక్ డబ్బీ, దానికి ఆరు తీగలు. అలాంటివి రెండు డబ్బీలు ఎదురెదురుగా ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. కనెక్టరు అంటారట. అందులో ఒక తీగ చివర ఇత్తడి నాలుక వెనక్కి జరిగి, అవతలి నాలుకను ముట్టుకోకుండా కూర్చుంది. ముందుకు తోస్తే వెళుతుంది, వేలు తీస్తే వెనక్కి వస్తుంది. దాన్ని బయటికి లాగి బాగుచేద్దామంటే రాదు. ఉండమంటే ఉండదు, పొమ్మంటే పోదు. ఇలాంటివాళ్లు మా స్టాఫ్‌రూములో ఇద్దరున్నారు.

పెద్దావిడ తన తలలోంచి పిన్ను తీసి ఇచ్చింది. పెడితే వంగింది. పక్కావిడ తన పిన్ను ఇచ్చింది. అదీ వంగింది. మూడో పిన్ను వంగాక నాలుగో ఆవిడ కొంగు తలమీద కప్పుకుంది. బస్తాలు కుట్టే దబ్బనం తెచ్చారు. అది బస్తాలకు సరిపోయే లావే, నా డబ్బీకి కాదు. పక్క చేలో చివరి కోతకు మిగిలిన పత్తి తెంపి, తుమ్మ ముల్లుకు చుట్టి, డబ్బీలోని నీళ్లు మాత్రం తుడవగలిగాం. ఈ పనిలో ప్రభుదాసు ఒక చిన్న పొరపాటు చేశాడు. కూర్చోవడానికి మిరపకాయలు పక్కకు నెట్టిన చేత్తోనే చెమట తుడుచుకున్నాడు.

తరవాతి పావుగంటలో అతను చేసిన నాట్యం గురించి రాయనని మాటిచ్చాను. కళ్ల మీద నీళ్లు కొడుతూ పెద్దావిడ మాత్రం అంది, "ఏడు నాయనా, ఏడు. ఉద్దోగం రాకముందే ఏడిస్తే మంచిది."

మస్తాన్ గారి కొట్టు

పిన్నులు పోగొట్టుకున్నవాళ్లే దారి చూపించారు. అర కిలోమీటరు నెడితే ఒక రేకుల కొట్టు, దానిమీద "సైకిళ్లు, గొడుగులు, టార్చిలైట్లు, మోటారు స్టార్టర్లు బాగుచేయబడును" అని బోర్డు. మస్తాన్ గారు అరవై ఏళ్ల మనిషి. బండి దగ్గరకొచ్చి, వంగి, వాసన చూశారు.

"మందు పంపుతో కడిగారా?"

"మీకెలా తెలిసింది?"

"ఈ కాలంలో నా దగ్గరకొచ్చే బళ్లన్నీ చుట్టాలిళ్ల నుంచే వస్తయ్యి బాబూ."

ఆ ఇత్తడి నాలుక వెనక గాలానికి ఉన్నట్టు సన్నటి ముల్లు ఉంటుందని, అది లోపలి గట్టుకు తగులుకుని నాలుకను వెనక్కి రానివ్వదని, నీళ్ల తాకిడికి ముల్లు అణిగిపోయిందని, అలాగని పూర్తిగా వదలనూ లేదని ఆయన వేలితో నేలమీద గీసి చెప్పారు. నా ఎం.ఏ.లో ఇంత తేటగా ఎవరూ ఏమీ చెప్పలేదు.

"దాన్ని నొక్కి తీసే పనిముట్టు కంపెనీవాళ్ల దగ్గర ఉంటది. కంపెనీవాడు ఇక్కడికి రాడు, మనం అక్కడికి పోం" అంటూ గోడకు వేలాడుతున్న నల్ల గొడుగు దించి, ఒక ఊచ పటుక్కున విరిచారు.

"అయ్యో, ఎవరిదండీ అది?"

"పోస్టుమాస్టరు గారిది. ఎనిమిది ఊచలు. ఏడింటితో కూడా వాన ఆగుద్దిలే."

ఆ ఊచ లోపలి వైపు సన్నటి గాడి ఉంది. బెత్తెడు ముక్క కోసి, కొస సానరాయి మీద రుద్ది పలచన చేసి, డబ్బీలో నాలుక పక్కగా దూర్చి నొక్కారు. టిక్. తీగ పట్టి లాగితే నాలుక వెన్నలా వచ్చేసింది. దానికి పచ్చగా చిలుము పట్టి ఉంది.

"ఇదిగో, కాస్త చింతపండియ్యి" అని లోపలికి కేకేశారు.

"పప్పులోకా, బండిలోకా?" అని లోపల్నుంచి ఆయన భార్య.

"బండిలోకే."

"అయితే పాతది ఇస్తా."

ఇత్తడి చెంబు తోమినట్టే దాన్ని తోమి, మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, చాకు కొసతో ముల్లు పైకి లేపి, మళ్లీ తోశారు. టక్. ఆ టక్ విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం పెళ్లినాడు కూడా కలగలేదని రాద్దామనుకున్నాను. మా ఆవిడ చదువుతుంది కనుక రాయడం లేదు.

ఊచకు డబ్బులు తీసుకోలేదాయన, అది తనది కాదు కనుక. చింతపండుకు రెండు రూపాయలు తీసుకుని ఊచ ముక్క నా చేతిలో పెట్టారు. "ఉంచుకోండి. ముందింకా చుట్టాలున్నారేమో."

పర్చూరు

పర్చూరు హైస్కూల్లో గుమాస్తా లేడు. బావమరిది పొగాకు గ్రేడింగుకు వెళ్లాడట, వస్తాడట. ఆ రెండు గంటలూ మెస్సులో కూర్చున్నాం. భోజనం పద్దెనిమిది రూపాయలు. గుంటూరులో ఇరవై రెండు తీసుకుని, మూడోసారి అన్నం అడిగితే మన వంశం గురించి ఆలోచిస్తున్నట్టు చూస్తారు. ఇక్కడ వడ్డించేవాడు వద్దంటే బాధపడుతున్నాడు. పండుమిరపకాయల పచ్చడి వేసి పైన నెయ్యి వెయ్యడు, అడిగితే "రుచి చెడుద్దండీ" అంటాడు. గుంటూరులో మేం మిరపకాయల్ని గోడౌన్లలో దాచి ధర కోసం కాపలా కాస్తాం. వీళ్లు తినేస్తున్నారు. ఎకనామిక్స్ ప్రకారం వీళ్లదే తెలివి.

గుమాస్తా వచ్చి, పాత రిజిస్టరు దుమ్ము దులిపి, కాగితం రాసి, ప్రభుదాసు ముఖం చూసి ఆగాడు. "ప్రవర్తన తృప్తికరం అని రాస్తన్నా. కళ్లెందుకయ్యా అంత ఎర్రగా ఉన్నయ్యి?"

"మిరపకాయలండీ."

"అందరూ ఏదో ఒకటి చెబుతారు" అని స్టాంపు కొట్టాడు.

ఇంకొల్లు

సాయంత్రం ప్రభుదాసును మార్త క్వార్టర్సు దగ్గర దింపి, నేను మా తోడల్లుడు సుబ్బారావు అన్నయ్య ఇంటికి వెళ్లాను. మా ఆవిడ అక్క, అంటే మా వదిన, దోసకాయ పప్పు, వేటమాంసం, సున్నుండలు ఒకే పూట పెట్టింది. కడుపు నిండినవాడికి నోరు ఊరుకోదు. ఇశ్రాయేలు గారి పంపు సంగతి, మూడు తలపిన్నుల సంగతి అభినయించి మరీ చెప్పాను. వదిన కళ్ల నీళ్లు పెట్టుకుని నవ్వింది. అన్నయ్య నవ్వలేదు. ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"వాళ్లది చేతి పంపేనా?"

అవునన్నాను. ఆ ప్రశ్నలోని లోతు నాకు ఆ పూట తెలియలేదు.

పొద్దున ఆరింటికి ఇంజను చప్పుడుకు మెలకువ వచ్చింది. పెరట్లో తెల్లటి మంచు. ఆ మంచు మధ్యలో అన్నయ్య, వీపున పెట్రోలుతో నడిచే తైవాన్ స్ప్రేయరు. పత్తి చేనుకు కొట్టేటప్పుడు పది సాళ్లు అవతలికి పోయే ధార, ఇప్పుడు మూరెడు దూరం నుంచి నా బండి ట్యాంకు కిందికి పోతోంది.

"అన్నయ్యా! నిన్న చెప్పాను కదా, కడిగితేనే పాడైందని!"

ఆయన ఇంజను ఆపి, నా వైపు జాలిగా చూశాడు. "చేతి పంపుతో కడిగితే మట్టి సగం పోయి సగం లోపలికి దిగుద్ది తమ్ముడూ. అందుకే పాడైంది. ఇది చూడు, లోపలిదంతా బయటికి తోసేసింది."

"రాత్రే కడుగుతానన్నారు, నేనే ఆపా" అంది వదిన కాఫీ ఇస్తూ. "చీకట్లో మూలలు కనపడవని."

మంగళవారం: గేదె

ఏడున్నరకు మార్త గేటు దగ్గర నిలబడి టిఫిన్ డబ్బా ఇచ్చింది. బండి వైపు చూసి, "బాగా మెరుస్తోందండీ" అంది. ప్రభుదాసు నా ముఖం చూశాడు. నేను దారి చూశాను.

నాగులుప్పలపాడు దాటి కాస్త దూరం పోయాక, ఎనిమిదింపావుకు, అదే తలవాల్చడం. ఈసారి నేను కంగారుపడలేదు. కళ్లజోడు డబ్బాలోంచి ఊచ తీశాను, ఆపరేషనుకు ముందు డాక్టరులా చేతులు దులుపుకున్నాను. పాత డబ్బీలో నాలుకలన్నీ టిక్కుమని తీశాను, టక్కుమని పెట్టాను. బండి మాత్రం కదల్లేదు. తైవాన్ వాడు ఇంకా లోపలికి వెళ్లాడు. సీటు కింద రెండో డబ్బీ ఉంది. అందులోవి నాలుకలు కావు, గుండ్రటి పుల్లలు, ఒక్కోదానికి అటొక ముల్లు, ఇటొక ముల్లు. ఊచతో ఒకటి నొక్కితే రెండోది లేస్తుంది.

ఎనిమిది నలభై. ప్రభుదాసు గడియారం చూడటం మానేసి ఆకాశం చూడటం మొదలుపెట్టాడు.

రోడ్డుకు అవతల పశువుల ఆసుపత్రి. చెక్క చట్రంలో ఒక గేదె, దాని ముందు చేత్తో అడకత్తెర పట్టుకుని వక్క కత్తిరించుకుంటున్న ఒక ముసలి రైతు, వెనక పెద్ద సిరంజితో కాంపౌండరు కోటేశ్వరరావు గారు. నా డబ్బీ చూపించాను. ఆయన దాన్ని చూసి, సిరంజిని చూసి, "గుండ్రటి దానికి గుండ్రటిదే కావాలి. బోలుగా ఉండాలి. ఉంది నా దగ్గర. ఆగండి, ముందు గేదె" అన్నారు.

"ముందు గేదేనండీ," అన్నాడు రైతు, "మేం పొద్దున్నే వచ్చాం."

గేదెకు మా తొందర పట్టలేదు. సూది దగ్గరకొస్తే తంతుంది, వెనక్కి తీస్తే నెమరేస్తుంది. ఒక తన్నుకు బకెట్టు, ఇంకో తన్నుకు మందు సీసా పోయాయి. సీసా మళ్లీ తెచ్చేసరికి అయిదు నిమిషాలు. చివరికి ప్రభుదాసు సర్టిఫికెట్ల ఫైలు పళ్లతో కరిచి పట్టుకుని, రెండు చేతులా గేదె తోక పట్టుకున్నాడు. "గట్టిగా పట్టు పంతులూ, పిల్లకాయలనుకో" అన్నాడు రైతు. తొమ్మిదీ పదికి గేదె మనసు మార్చుకుంది, ఎందుకో మరి. సూది పడింది.

కోటేశ్వరరావు గారు డబ్బాలోంచి వాడేసిన పాత సూది ఒకటి వెతికి, మరిగిన నీళ్లలో ముంచి, మొన మెట్టు మీద రుద్ది మొద్దు చేశారు. దాన్ని పుల్ల మీదుగా తొడిగితే లోపల రెండు ముళ్లూ ఒకేసారి అణిగాయి. టిక్. తీగ ఒకటి కొసన తెగి ఉంది. రైతు అడకత్తెరతో తొక్క ఒలిచి, దానితోనే పుల్లకు అదిమి బిగించాం. ఆయన అడకత్తెర వెనక్కి తీసుకుని పరీక్షించి, "వక్క కంటే మెత్తనే" అన్నాడు. నీళ్లు దిగకుండా, గేదెల పొదుగుకు రాసే పూత కూడా అందులో పూశారు. తొమ్మిదిన్నరకు బండి మొదటి తన్నుకే లేచింది. గేదె ఒకసారి తిరిగి చూసింది.

ఒంగోలు

పేర్లు పిలిచే విద్యాశాఖ ఆఫీసు వరండాలో రెండొందలమంది. మేం మెట్లెక్కుతుంటే లోపల మైకులో "కె. ప్రభుదాసు, మూడోసారి" అంటున్నారు. ముందు వరసలో బెంచీ మీద నుంచి ఆకుపచ్చ చీరలో ఒకావిడ నీలం ఫైలు తీసుకుని అప్పటికే లేచారు. "ఉన్నానండీ!" అని ప్రభుదాసు వేసిన కేకకు మైకు కూడా కీచుమంది. పేడ అంటిన ప్యాంటుతో, పళ్ల గాట్లు పడ్డ ఫైలుతో అతను బల్ల దాకా పరిగెత్తాడు. ఆకుపచ్చ చీర ఆవిడ మళ్లీ కూర్చున్నారు.

అతను కోరుకున్న ఊరి పేరు మైకులో వినిపించింది. ఇంకొల్లు పక్కదే. ఇవతలి ఊళ్లలో ఖాళీగా మిగిలింది అదొక్కటేనట.

కాగితాల మీద సంతకాలకు గంట పట్టేట్టుంది. నేను బయట టీ కొట్టు దగ్గర బెంచీ మీద కూర్చున్నాను, ఒళ్లంతా తేలిపోతున్నట్టు ఉంది. కాసేపటికి ఆకుపచ్చ చీర ఆవిడ వచ్చి బెంచీ ఆ చివర కూర్చుని టీ చెప్పారు. చేతిలో మడిచిన కాగితం.

"మీ స్నేహితుడేనా అండీ ఆయన? అంత ఆలస్యమైందేం?"

అడిగారు కదా అని చెప్పాను. ఇశ్రాయేలు గారి నుంచి మొదలుపెట్టాను. చింతపండు దగ్గర ఆవిడ చిరునవ్వు నవ్వారు. తైవాన్ దగ్గర పైకే నవ్వి, టీ ఒలకబోసుకున్నారు. నాకు హుషారు వచ్చింది. కళ్లజోడు డబ్బా తెరిచి ఊచ చూపించాను, సూది చూపించాను, గేదె బకెట్టు తన్నడం, సీసా తన్నడం, అయిదు నిమిషాలు వృథా కావడం, చివర్లో బుద్ధిగా నిలబడటం, అన్నీ చూపించాను. మీకు ఏ ఊరు వచ్చిందని నేను అడగలేదు. ఆవిడే చేతిలోని కాగితం బెంచీ మీద పెట్టి, సూది తీసుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశారు. కాగితం మీద ఎర్రగొండపాలెం మండలం అని ఉంది.

సూదిని జాగ్రత్తగా డబ్బాలో పెట్టి, మూత వేసి, నా వైపు జరిపారు.

"ఆ గేదె ఇంకో అయిదు నిమిషాలు తన్ని ఉంటే, ఇంకొల్లు బడి నాకు వచ్చేదండీ."